బ్యాంకునకు జరిమానా - ఖాతాదారునికి పాఠము

దినపత్రికలలో వాణిజ్య పుట అడుగున అప్పుడప్పుడు నాలుగు పంక్తుల వార్త ఒకటి కనిపించును. ఫలానా జిల్లాలోని ఫలానా సహకార బ్యాంకునకు రిజర్వు బ్యాంకు రెండు లక్షల రూపాయల జరిమానా విధించినది అని. ఈ సంవత్సరము మా వాణిజ్యశాస్త్ర తరగతిలో అటువంటి వార్తను చదివి వినిపించినప్పుడు విద్యార్థుల నుండి రెండు ప్రశ్నలు వచ్చినవి. "కోట్ల లావాదేవీలు నడిపే బ్యాంకునకు రెండు లక్షలు ఒక లెక్కా?" అనునది మొదటిది. "మా నాయన డబ్బు అటువంటి బ్యాంకులోనే ఉన్నది, రేపే పోయి తీసుకొని రావలెనా?" అనునది రెండవది. మొదటి ప్రశ్న తెలివైనది. రెండవది అవసరమైనది. రెంటికీ గంట కొట్టులోపల సమాధానము చెప్పలేకపోయినాము. ఆ లోటు పూడ్చుటకే ఈ వ్యాసము.

కర్నూలు, కడప జిల్లాల వారికి అప్పు కొత్త విషయము కాదు. 1876-78 నాటి కరువు ఈ నేలను ఎట్లు పీల్చి వేసినదో పెద్దల నోట విన్నవారు నేటికిని ఉన్నారు. ఆ కరువు తరువాత ప్రభుత్వమునకు ఒక సంగతి తెలిసివచ్చినది. వాన రాని ఏడు రైతును చంపునది ఒక్క ఆకలియే కాదు, వడ్డీ కూడ. ఆ ఆలోచన ఫలితమే 1883, 1884 సంవత్సరముల తక్కావి రుణముల చట్టములు. తరువాత మద్రాసు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారిని వ్యవసాయ బ్యాంకుల సంగతి పరిశీలింపుమని నియమించినది. 1895లో వెలువడిన ఆయన నివేదిక, జర్మనీలో రైఫైజన్ నెలకొల్పినట్టి గ్రామ పరపతి సంఘములు ఇక్కడ కూడ రావలెనని సూచించినది. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము, 1912లో కేంద్ర బ్యాంకులకు కూడ చోటిచ్చిన రెండవ చట్టము వచ్చినవి. నేడు మన రెండు జిల్లాలలో కనిపించే జిల్లా సహకార కేంద్ర బ్యాంకుల వంశవృక్షమునకు వేరు అక్కడ ఉన్నది. తరువాత 1976లో కడప కేంద్రముగా రాయలసీమ గ్రామీణ బ్యాంకు పుట్టినది. 2006లో అది ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకుగా మారినది. 2025 మే 1న రాష్ట్రములోని ఇతర గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయినది. పేర్లు మారినవి గాని, అందులోని డబ్బు మాత్రము వేరుసెనగ అమ్మిన రైతుది, కువైటు నుండి ఇంటికి పంపిన కూలివానిది.

బ్యాంకు అనగా ఏమో చెప్పుటకు మన ప్రాంతపు జొన్నల పాతర కన్న మంచి ఉపమానము మాకు దొరకలేదు. గింజలు భూమిలో ఉండును. పైన మన్ను కప్పి ఉండును. చూచువానికి అంతా బాగున్నట్లే ఉండును. నీరు దిగి గింజ ముక్కిపోయినదో లేదో పాతర తెరచిన నాడు గాని తెలియదు. బ్యాంకు కూడ అంతే. ఖాతాదారుడు చూచునది తన పాసుపుస్తకములోని అంకె మాత్రమే. ఆ అంకె వెనుక ఉన్న డబ్బును బ్యాంకు మరొకరికి అప్పుగా ఇచ్చి ఉన్నది. ఆ అప్పు తిరిగి వచ్చునదో రానిదో ఖాతాదారునికి తెలిసే మార్గము లేదు. పైగా పాతరలో గింజ పోసినవాడే పాతర యజమాని. బ్యాంకులో మాత్రము డబ్బు పోసినవాడు ఒకడు, పాతర మూత తీసే హక్కు గలవాడు మరొకడు. అందువల్లనే మూడవవాడు ఒకడు అప్పుడప్పుడు వచ్చి మూత తీసి చూడవలసి ఉన్నది. ఆ మూడవవాడే రిజర్వు బ్యాంకు.

ఈ అధికారము 1949 నాటి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టము వలన వచ్చినది. 35వ సెక్షను తనిఖీని, 35-ఎ సెక్షను ఆదేశములను, 22వ సెక్షను లైసెన్సును, 45వ సెక్షను మారటోరియమును, 47-ఎ సెక్షను జరిమానాను గూర్చినవి. సహకార బ్యాంకులు 1966 మార్చి 1 నుండి ఈ చట్టము క్రిందికి వచ్చినవి. అయితే చాల కాలము వాటికి ఇద్దరు యజమానులు. లెక్కలు రిజర్వు బ్యాంకువి, పాలకవర్గము రాష్ట్ర సహకార శాఖది. ఇద్దరు మేపిన గొడ్డు పస్తున్నట్లు, తప్పు జరిగిన ప్రతిసారి ఒకరు మరొకరి వైపు చూపినారు. 2020 నాటి సవరణ పట్టణ సహకార బ్యాంకుల పాలకవర్గముల మీద కూడ రిజర్వు బ్యాంకునకు పట్టు కల్పించినది. జిల్లా కేంద్ర బ్యాంకులను, గ్రామీణ బ్యాంకులను తనిఖీ చేయునది నాబార్డు. జరిమానా వేయునది రిజర్వు బ్యాంకే. తనిఖీ చేయు విభాగము, శిక్షించు విభాగము వేరువేరుగా ఉండవలెనని 2017 ఏప్రిల్‌లో ప్రత్యేకముగా ఒక ఎన్‌ఫోర్స్‌మెంటు శాఖను కూడ ఏర్పరచినారు.

జరిమానాలు ఏ తప్పులకు పడునో చూచినచో ఆ తప్పులన్నియు ఒక బరువువి కావని తెలియును. ఖాతాదారుని గుర్తింపు పత్రములను నియమిత కాలములో సరిచూడకపోవుట ఒకటి. రుణగ్రహీతల వివరములను క్రెడిట్ సమాచార సంస్థలకు పంపకపోవుట మరొకటి. పది సంవత్సరములు ఎవరును తాకని డిపాజిట్లను 2014లో ఏర్పడిన ప్రత్యేక నిధికి బదిలీ చేయకపోవుట ఇంకొకటి. ఈ చివరి దానిని చిన్నదిగా చూడరాదు. గల్ఫు దేశములలో మరణించినవారి ఖాతాలు, నామినీ పేరు వ్రాయని ఖాతాలు మన ఇండ్లలో ఎన్ని ఉన్నవో మన పెద్దలకే తెలియును. అట్టి డబ్బును వెదకుకొనుటకు 2023లో రిజర్వు బ్యాంకు 'ఉద్గమ్' అను వెబ్‌సైటును తెరచినది. నిధికి బదిలీ అయిన తరువాత కూడ వారసుల హక్కు పోదు.

ఇక నిజముగా భయపడవలసిన తప్పు మరొకటి కలదు. అది డైరెక్టర్లకు, వారికి ప్రయోజనమున్న సంస్థలకు అప్పులిచ్చుట. చట్టములోని 20వ సెక్షను దీనిని నిషేధించుచున్నది. మూత కాపలాదారుడే గింజ తోడుకొనుట ఇది. సహకార బ్యాంకులలో పాలకవర్గము సభ్యుల ఓట్లతో వచ్చును. ఓటు వేసినవాడు బంధువు, అప్పు అడిగినవాడు బంధువు, మంజూరు చేసినవాడు కూడ బంధువే అయినచో ఇక తిరస్కరించునది ఎవరు? ఈ ఒక్క తప్పునకు పడిన జరిమానా వార్తను మాత్రము రెండుసార్లు చదువుడని మా సలహా.

మొదటి ప్రశ్నకు ఇక్కడ సమాధానము చెప్పవచ్చును. చిన్న బ్యాంకునకు లక్షలలో, పెద్ద బ్యాంకునకు కోట్లలో జరిమానా పడును. 2021 మేలో హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకునకు పది కోట్ల రూపాయల జరిమానా విధించినారు. కారు రుణములు తీసుకొన్నవారికి బ్యాంకింగుతో సంబంధము లేని వస్తువులను అంటగట్టిన విషయములో వచ్చిన ఫిర్యాదుల మీద జరిగిన విచారణ అది. అంత పెద్ద బ్యాంకునకు పది కోట్లు అల్పమే. కాని జరిమానాకు ముందు సంజాయిషీ నోటీసు వచ్చును, బ్యాంకు ప్రతినిధులు స్వయముగా వెళ్ళి వాదన వినిపించుకొనవలెను, చివరకు పేరు పత్రికలలోనికి ఎక్కును. నమ్మకమును అమ్ముకొని బ్రతుకు సంస్థకు డబ్బు కన్న ఆ ప్రకటనయే బరువు. జరిమానాతో మాట వినని వారికి అంతకన్న కఠినమైన మార్గములు కూడ కలవు. అదే బ్యాంకును 2020 డిసెంబరులో కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వవద్దని నిలిపివేసినారు. 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకును కొత్త డిపాజిట్లు తీసుకొనరాదని ఆదేశించినారు.

రెండవ ప్రశ్నకు కూడ రిజర్వు బ్యాంకు ప్రకటనలోనే సమాధానము ఉన్నది. నియమములను పాటించుటలోని లోపములకే ఈ చర్య తీసుకొన్నామనియు, బ్యాంకునకు ఖాతాదారులకు మధ్య జరిగిన ఒప్పందముల చెల్లుబాటును గూర్చి తీర్పు చెప్పుట ఉద్దేశము కాదనియు ప్రతి ప్రకటన చివర ఉండును. అనగా ఒక్క జరిమానా చూచి పరుగెత్తవలసిన పని లేదు. అందరు ఒక్కసారి పరుగెత్తినచో మంచి బ్యాంకు కూడ నిలువజాలదు.

ఇక్కడ మన మెట్ట ప్రాంతమునకు ప్రత్యేకమైన ఒక చిక్కును కొంత విపులముగా చెప్పవలసి ఉన్నది. మామూలు అప్పు మీద వాయిదా తొంబది రోజులు దాటి చెల్లించనిచో అది నిరర్థక ఆస్తి అగును. పంట రుణములకు ఈ లెక్క వేరు. స్వల్పకాలిక పంటలకు రెండు పంట కాలములు, దీర్ఘకాలిక పంటలకు ఒక పంట కాలము గడువు ఉన్నది. కరువు వచ్చి పంట నష్టము ముప్పది మూడు శాతము దాటినచో రుణమును పొడిగించుటకు నియమములే అనుమతించుచున్నవి. ఇది దయ కాదు, చట్టబద్ధమైన ఏర్పాటు. అయితే దీని ప్రక్కనే మరొక అలవాటు పెరిగినది. రైతు ఒక్క రూపాయి తేడు, బ్యాంకు ఒక్క రూపాయి ఇవ్వదు. పాత అప్పు తీరినట్లు ఒక సంతకము, కొత్త అప్పు తీసుకొన్నట్లు మరొక సంతకము. దీనికి మన పల్లెలలో బుక్ అడ్జస్టుమెంటు అని పేరు. రైతునకు ఆ రోజు గండము గడచినట్లే ఉండును. బ్యాంకు మేనేజరునకు మార్చి నెల లెక్క అందముగా ఉండును. కాని వడ్డీ అసలులో కలిసిపోయి అప్పు పెరిగినది. పంట పోయిన సంగతి లెక్కలలో ఎక్కడను కనిపించదు. తనిఖీ అధికారి ఇట్టి ఖాతాలను పట్టుకొన్నప్పుడు ఊరిలో అతనిని రైతు వ్యతిరేకి అందురు. మేమట్లు అనుకొనుట లేదు. కరువు పొడిగింపు బహిరంగముగా కోరినచో రైతునకు హక్కుగా రావలసినది, ఈ దొంగచాటు సర్దుబాటులో ఉపకారముగా మారిపోవుచున్నది. ఉపకారము చేసినవారికి తరువాత ఏదో ఒకటి చెల్లించవలసియే వచ్చును.

మూత తీయుట ఆలస్యమైనచో ఏమి జరుగునో తెలుగు గడ్డ మీదనే జరిగిన ఒక ఉదాహరణ ఉన్నది. రమేశ్ గెల్లి నాయకత్వములో 1994లో సికిందరాబాదు కేంద్రముగా గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు ప్రారంభమైనది. ఆర్థిక సంస్కరణల తరువాత వచ్చిన కొత్త తరము ప్రైవేటు బ్యాంకులలో అది ఒకటి. కొద్ది సంవత్సరములలోనే వంద పైచిలుకు శాఖలు తెరచినది. షేరు మార్కెటు వారికి విరివిగా అప్పులిచ్చినది. 2001లో కేతన్ పరేఖ్ వ్యవహారము బయటపడి మార్కెటు కూలినప్పుడు ఆ అప్పులు మునిగినవి. యు.టి.ఐ. బ్యాంకుతో తలపెట్టిన విలీనము ఆగినది. గెల్లి పదవి నుండి తప్పుకొన్నారు. ఇంతవరకు అందరికీ తెలిసినదే.

తరువాతిదే మన పాఠమునకు ముఖ్యమైనది. 2002 మార్చి 31 నాటి లెక్కలలో బ్యాంకు తాను లాభములో ఉన్నట్లు, ఆడిటర్ల సంతకముతో చూపినది. రిజర్వు బ్యాంకు తనిఖీలో మాత్రము అదే తేదీకి బ్యాంకు నికర విలువ సున్నా కన్న క్రిందికి పోయినట్లు తేలినది. ఒకే పాతర, ఒకే రోజు, రెండు కొలతలు! తేడా తేల్చుటకు స్వతంత్రముగా మరొక చార్టర్డ్ అకౌంటెంటును నియమించవలసి వచ్చినది. బ్యాంకు మీద ఆదేశములు విధించినారు, నెలనెలా పర్యవేక్షించినారు. కొత్త మూలధనము తెచ్చుకొనుమని అవకాశమిచ్చినారు. అది సరిగా రాలేదు. చివరకు 2004 జూలై 24 శనివారము నాడు మారటోరియము ప్రకటించినారు. ఖాతాకు పది వేల రూపాయలకు మించి తీయరాదన్నారు. సోమవారమునకు ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనము చేయు ప్రణాళిక వెలువడినది. ఆగస్టు 14న విలీనము పూర్తియైనది. డిపాజిటుదారులకు ఒక్క రూపాయి పోలేదు. వాటాదారులకు ఒక్క రూపాయి రాలేదు.

మూడు వారములలో అంత పెద్ద బ్యాంకును చక్కదిద్దినందులకు రిజర్వు బ్యాంకును పొగడినవారున్నారు. పొగడ్త న్యాయమే. కాని 2002 లెక్కల అసలు సంగతి తెలిసిన తరువాత 2004 వరకు ఆ బ్యాంకు వాటాలు బజారులో అమ్ముడవుచునే ఉన్నవి. ఆ మధ్య కాలములో కొన్న చిన్న మదుపరికి లోపలి సంగతి చెప్పినవారు లేరు. తనిఖీ ఫలితము రహస్యముగా ఉంచుట పరుగును నివారించుటకే అను వాదము మాకు తెలియును. అయినను ఆ రెండేళ్ళ మౌనమునకు మూల్యము చెల్లించినది ఎవరో కూడ వ్రాసి ఉంచవలసియే ఉన్నది.

అదే కాలమున హైదరాబాదు, సికిందరాబాదులలో కృషి, చార్మినార్, వాసవి, ప్రుడెన్షియల్ అను పట్టణ సహకార బ్యాంకులు వరుసగా కూలినవి. వీటిని విలీనము చేసుకొనుటకు ఓరియంటల్ బ్యాంకు వంటిది ముందుకు రాలేదు. పాత బస్తీలో చిన్న దుకాణదారులు, బురఖాలు కుట్టి కూడబెట్టిన స్త్రీలు చార్మినార్ బ్యాంకు తలుపుల ముందు నిలిచిన రోజులవి. వారికి ఆధారమైనది డిపాజిటు బీమా ఒక్కటే. ఆ బీమా చరిత్ర కూడ ఒక బ్యాంకు పతనముతోనే మొదలైనది. 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడిన తరువాత 1962 జనవరి 1న డిపాజిట్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ ఏర్పడినది. అప్పటి పరిమితి 1,500 రూపాయలు. 1980లో 30,000 అయినది, 1993లో లక్ష అయినది. తరువాత ఇరువది ఏడేళ్ళు అది కదలలేదు. బంగారము ధర, పెండ్లి ఖర్చు, ఇంటి స్థలము ధర పెరుగుచుండగా భద్రత మాత్రము లక్ష వద్దనే నిలిచినది.

కదలిక తెచ్చినది మరొక పతనము. 2019 సెప్టెంబరు 23న ముంబైలోని పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు మీద ఆంక్షలు విధించి, ఖాతాకు వేయి రూపాయలే తీయవచ్చునన్నారు. దాని అప్పులలో సుమారు మూడు వంతులు ఒకే గృహనిర్మాణ సంస్థకు పోయినవి. దానిని దాచుటకు ఇరువది ఒక వేలకు పైగా బూటకపు ఖాతాలు సృష్టించినారని తేలినది. 2020 ఫిబ్రవరి 4 నుండి బీమా పరిమితి అయిదు లక్షలు అయినది. 2021 సవరణ వలన ఆంక్షలు పడిన తొంబది రోజులలో బీమా సొమ్ము అందవలెను. మన రాష్ట్రములోనే 2024 నవంబరు 12న విజయవాడలోని దుర్గా సహకార అర్బన్ బ్యాంకు లైసెన్సును రద్దు చేసినప్పుడు, నూటికి 95.8 మంది డిపాజిటుదారులకు పూర్తి సొమ్ము బీమా నుండి వచ్చునని రిజర్వు బ్యాంకు ప్రకటించినది. మిగిలిన నలుగురి సంగతి? వారు అయిదు లక్షలు తీసుకొని, మిగిలిన దాని కొరకు లిక్విడేటరు వసూళ్ళను నమ్ముకొనవలెను.

ఇంతవరకు చెప్పినది మూత తీసి చూచువాడు ఉన్న పాతరల సంగతి. ఆ చూచువాడే లేని చోట్లు మన చుట్టు చాల ఉన్నవి. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టము వర్తించదు, వాటి డిపాజిట్లకు ఈ బీమా లేదు. ఇది మన పల్లెలలో తెలిసినవారు బహు తక్కువ. విజయవాడ కేంద్రముగా నడిచిన అగ్రిగోల్డ్ సుమారు 32 లక్షల మంది నుండి 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసినది. అది బ్యాంకు కాదు. చెల్లింపులు ఆగిన తరువాత రాష్ట్ర ప్రభుత్వము 2019లో పది వేల లోపు వారికి, 2021లో ఇరువది వేల లోపు వారికి సొమ్ము ఇచ్చినది. అది ప్రజల పన్నుల డబ్బు.

మా పాఠకులలో చాలమందికి దగ్గరగా తగులు సంగతి మరొకటి ఉన్నది. బ్యాంకు వడ్డీ తినరాదను ధర్మచింత గలవారి వద్దకు హలాల్ లాభము అను మాటతో వచ్చిన సంస్థలు ఉన్నవి. బెంగుళూరులోని ఐ.ఎం.ఎ. సంస్థ అధిపతి 2019 జూన్‌లో దేశము విడిచిపోయినాడు, జూలైలో అరెస్టు అయినాడు. అంతకు ముందు 2018 అక్టోబరులో హీరా గ్రూపు అధినేత్రిని అరెస్టు చేసినారు. మదుపరులను మోసగించినారన్న అభియోగముల మీద ఆ వ్యవహారము సుప్రీము కోర్టు వరకు వెళ్ళినది. ఈ సంస్థలలో దేని పేరును చెప్పకుండ మా మిత్రులలో ఒకరి మేనత్త కథ చెప్పెదము. ఆమె పదునాలుగేళ్ళు కువైటులో వంట చేసి కూడబెట్టినది. బ్యాంకులో వేయుమన్నచో, "వడ్డీ మనకు హరామ్ కదా బేటా, ఇది వ్యాపారములో భాగము" అన్నది. నెలకు నూటికి మూడు చొప్పున తప్పక ఇత్తుమన్న ఒక సంస్థలో వేసినది. పదునొకండు నెలలు వచ్చినది. పండ్రెండవ నెల దుకాణము లేదు.

వడ్డీని గూర్చి ధార్మిక తీర్పు చెప్పుట మా అధికారములోనిది కాదు. కాని ఫిఖ్ చదివిన మిత్రులను అడిగి ఒక్క విషయము నిర్ధారించుకొన్నాము. ముదారబాలో గాని, ముషారకాలో గాని లాభము ఇంత అని ముందుగా నిర్ణయించి హామీ ఇచ్చుట చెల్లదు. నష్టము వచ్చినచో మదుపు పెట్టినవాడు దానిని భరించవలెను. అందుచేత నెలనెలా తప్పనిసరిగా ఇంత శాతము అని చెప్పినవాడు రిజర్వు బ్యాంకు నియమమును మాత్రమే కాదు, తాను ఆశ్రయించిన షరియతు నియమమును కూడ మొదటి మాటలోనే ఉల్లంఘించినాడు. అమ్మగారికి ఈ మాట ముందుగా చెప్పగలవారు ఇంటిలో ఒక్కరున్నను ఆమె డబ్బు నిలిచి ఉండెడిది. కేంద్ర ప్రభుత్వము 2019లో తెచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టము ఇట్టి వసూళ్ళను నేరముగా ప్రకటించినది. కాని చట్టము పోలీసు స్టేషనుకు చేరునది డబ్బు పోయిన తరువాతనే.

కళాశాల సంఘము వారికి ఒక విన్నపము. బీమా అయిదు లక్షల పరిమితి ఒక్కొక్క డిపాజిటుదారునికి, ఒక్కొక్క బ్యాంకునకు వర్తించును. అదే బ్యాంకులో ఎన్ని శాఖలలో ఎన్ని ఖాతాలున్నను కలిపి ఒక్కటే లెక్క. అసలు, వడ్డీ రెండును అందులోనివే. కళాశాల ఫీజుల నిధి, భవన నిధి, విద్యార్థి వేతనముల నిధి సంఘము పేరుననే ఒక్క చోట ఉన్నచో బీమా దృష్టిలో అవి ఒకే డిపాజిటు కావచ్చును. ఈ సంగతిని వచ్చే సమావేశపు కార్యక్రమ పట్టికలో చేర్చి, మన నిధులున్న ప్రతి సంస్థ డిపాజిటు బీమా క్రింద ఉన్నదో లేదో వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనవలెనని కోరుచున్నాము.

విద్యార్థులు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పాసుపుస్తకములు, బాండ్లు, రసీదులు అన్నియు ఒకసారి బయటికి తీయించవలెను. ఇచ్చిన సంస్థ బ్యాంకా, పరపతి సంఘమా, మరేదైననా అని చూడవలెను. నామినీ పేరు ఉన్నదా, పదేళ్ళుగా కదలని ఖాతా ఏదైన ఉన్నదా అనునది కూడ. అర్థము కానివి మా విభాగమునకు తెచ్చినచో కలిసి చదువుదము. శుక్రవారము తప్ప ప్రతి దినము సాయంత్రము నాలుగు గంటల తరువాత మేము అక్కడనే ఉందుము.